పంతొమ్మిదో వరుస

బిక్షం పశువుల డాక్టరు కాదు. డాక్టరు పక్కన నిలబడి పశువును పట్టుకునే మనిషి. ఆ మాట అడిగినా అడగకపోయినా ఆయనే చెప్తాడు. కానీ నడిగూడెం చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా జనం ఆయన్ను డాక్టర్ సాబ్ అనే పిలుస్తారు. ఎందుకంటే డాక్టరు పోస్టు ఖాళీ అయి రెండేళ్లయింది, పక్కన నిలబడే మనిషి మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు.

నాకు ఆయనతో పరిచయం మా గేదెల వల్ల. నేను రెవెన్యూ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి దిగిపోయాను. దిగిపోయాక కోదాడలో ఇంటి వెనక రెండు గేదెలు పెట్టుకున్నాను. ముప్పై మూడేళ్లు ఫైళ్లతో, ఆఫీసర్లతో పడ్డాక వాటితో పడటం హాయిగా ఉంది. నేను గేదె అంటాను, ఆయన బర్రె అంటాడు. ఎనిమిదేళ్లుగా ఇద్దరిలో ఎవరం మారలేదు.

బిక్షంది గొర్ల కాపరుల ఇల్లు. తాతల నాటి నుంచీ మంద మీదే బతికారు. ఇప్పటికీ ఆయన భార్య భద్రమ్మ నలభై గొర్రెలను సాకుతుంది. చిన్నప్పుడు తండ్రి ఆయనకొక పద్ధతి నేర్పాడు. జీవం ముందర కూర్చుంటే మొదట కాళ్లు చూడాలి, మొహం తర్వాత. జీవాలు నొప్పిని మొహంలో దాచుకుంటాయట, కాళ్లలో దాచుకోలేవట. పదో తరగతి పాసై, ట్రైనింగు చేసి, సర్కారు కొలువులో చేరినా బిక్షం ఆ పద్ధతి మానలేదు. మా గేదెకు కన్ను వాచిందని పిలిచినా ముందు వంగి గిట్టలే చూస్తాడు. నాకు ఒళ్లు మండుతుంది.

"కన్ను బిక్షం, కన్ను చూడు" అంటాను.

"వస్తున్న మేడం, కన్ను కాడికే వస్తున్న" అంటూ తాపీగా కింది నుంచి పైకి వస్తాడు.

హైదరాబాదు, విజయవాడ హైవే మా మీదుగా పోతుంది. లారీల్లో పశువులను కుక్కి తీసుకుపోతుంటే పోలీసులు ఆపుతారు. అప్పుడు పశువుల దవాఖాన నుంచి ఎవరో ఒకరు పోయి ఫారం నింపాలి. ఒక్కో పశువుకు ఒక్కో వరుస. రంగు, కొమ్ముల తీరు, పళ్లను బట్టి వయసు, గాయాలు ఎక్కడ, ఎంత పొడుగు, దేనివల్ల అయి ఉండవచ్చు, చికిత్స అవసరమా. పశువులను హింసించకూడదని మన దేశంలో పంతొమ్మిది వందల అరవైలోనే చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కేసు నిలబడాలంటే ఈ ఫారం కావాలి. బిక్షం ఇలాంటివి నూటికి పైగానే నింపి ఉంటాడు. తాడు రాపిడికి ఊడిన వెంట్రుకలను కూడా వదలడు. ఆయన రాసిన ఫారం మీద కోర్టులో ఇంతవరకు ఎవరూ ఆక్షేపణ చెప్పలేదని ఆయనకు కొంచెం గర్వం ఉంది.

పోయిన ఏడాది ఆగస్టులో ఒక పొద్దున ఆయనకు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఏ స్టేషనో పేరు రాయను. రాస్తే ఆ అలవాటు ఆ ఒక్క చోటే ఉందనుకుంటారు. ఆవరణలో పద్దెనిమిది ఎద్దులున్నాయి. లారీ డ్రైవరు తెల్లవారుజామునే దూకి పారిపోయాడు. దొరికింది గేమ్యా ఒక్కడే. పాలకీడు వైపు తండా మనిషి, నాట్లు లేని రోజుల్లో హాలియా పోయి ఏ కూలి దొరికితే ఆ కూలి చేస్తాడు. ఆ రోజు దొరికింది ఎద్దులను లారీ ఎక్కించి, చేరిన చోట దించే పని. ఎద్దులు ఎవరివో చెప్పమని పోలీసులు అడిగారు. నిజంగానే ఆయనకు తెలియదు. తెలియదన్నందుకు లోపలికి తీసుకుపోయి, బెంచీ మీద కాళ్లు కట్టి, అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. తెలియని పేరు ఎంత కొడితే మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

బిక్షం చేరేసరికి తొమ్మిదైంది. ఎద్దులు బెదిరిపోయి కానిస్టేబుళ్ల దగ్గర నిలవడం లేదు. అందుకని గేమ్యానే బయటికి తెచ్చి తాళ్లు చేతికిచ్చారు. ఆయన నిలబడలేక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, తాళ్లు పట్టుకుని లంబాడీ మాటల్లో ఎద్దులను బుజ్జగిస్తున్నాడు. బిక్షం ఒక కొస నుంచి మొదలుపెట్టాడు. వంగడం, గిట్ట ఎత్తడం, చూడడం, పైకి రావడం, రాయడం. గంటన్నర పట్టింది. పద్దెనిమిదో ఎద్దు అయ్యాక, వంగిన మనిషి వంగినట్టే పక్కకు జరిగితే, ఎదురుగా మనిషి కాళ్లు రెండు కనిపించాయి. అరికాళ్లు నల్లగా కమిలి ఉన్నాయి. వాపు చీలమండల దాకా ఎక్కింది.

బిక్షం కింద కూర్చున్నాడు. గిట్టను ఎత్తినట్టే ఒక కాలెత్తి తన మోకాలి మీద పెట్టుకుని బొటనవేలితో నొక్కాడు. గేమ్యా కళ్లు మూసుకున్నాడు. రెండో కాలు చూశాడు. చొక్కా ఎత్తి వీపు చూశాడు. గిట్టలు కడిగే మందు నీళ్లే ఆ కాళ్ల మీద పోసి, తన దగ్గరున్న పట్టీ చుట్టాడు. తర్వాత ఫారంలో ఇలా రాశాడు:

"19. మనిషి. పేరు గేమ్యా. వయసు సుమారు 40. రెండు అరికాళ్లు కమిలి వాచినవి. ఎడమ బొటనవేలి దగ్గర చర్మం చిట్లినది. వీపు మీద అడ్డంగా నాలుగు చారలు, ఒక్కొక్కటి జానెడు. కర్రతో గాని లాఠీతో గాని కొట్టినందున అయి ఉండవచ్చు. నడవలేడు. చికిత్స అవసరం."

గోశాల బండ్లు గేటు దగ్గర హారన్ కొడుతున్నాయి. ఎస్సై ఫారం కింద సంతకం చేశాడు, చదవలేదు. మర్నాడు పక్క మండలం నుంచి వచ్చిన ఇన్‌ఛార్జి డాక్టరు సంతకం చేశాడు, ఆయనా చదవలేదు. మూడు కాపీలు మూడు చోట్లకు పోయాయి. నేను ముప్పై మూడేళ్లు అలాంటి సంతకాల మధ్యే బతికాను కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఎందుకు రాశావని తర్వాత నేనే నిలదీశాను.

"ఏమో మేడం" అన్నాడు. "పెన్ను నడుస్తున్నది, ఆపాల్నన్న సోయి రాలే. కాలు పట్టి సూసినంక రాయకుంట ఎట్ల లేస్తం?"

ఫారం రాసిన రోజు మధ్యాహ్నమే గేమ్యాను మనుషుల దవాఖానకు తీసుకుపోయారు. కోర్టుకు పంపేముందు డాక్టరు చూసి కాగితం ఇవ్వాలని రూలుంది. అక్కడ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. 'పైకి కనబడే గాయాలు లేవు' అన్న ముక్క ఆ కాగితం మీద ముందే ముద్ర కొట్టి ఉంది. కింద సంతకం పడింది. సాయంత్రం జడ్జి గారు అడగాల్సిన ప్రశ్న అడిగారు, ఎవరైనా కొట్టారా అని. వెనక నిలబడింది పొద్దున కొట్టినవాళ్లే. గేమ్యా లేదన్నాడు. పన్నెండు రోజులు జైల్లో ఉన్నాక భార్య జమ్లీ తిరిగి తిరిగి బెయిలు తెచ్చుకుంది.

ఇక్కడిదాకా మామూలు కథే, ఇలాంటివి పేపర్లో కూడా రావు. గేమ్యా ఆ కేసులో రెండో నిందితుడు. నేరం ఏమిటంటే పశువులను హింసించడం. కాబట్టి కేసు కాగితాలన్నీ అతని లాయరుకు ఇవ్వాలి. ఆ లాయరు శ్రీవాణి అనే మిర్యాలగూడ అమ్మాయి. ముప్పై నిండి ఉండవు, నింపాదిగా మాట్లాడుతుంది, కాగితం చేతికొస్తే చివరిదాకా చదువుతుంది. నాలుగు నెలల తర్వాత సర్కారు తన చేత్తోనే ఆమెకు ఆ ఫారం ఇచ్చింది. ఆ ఫారాన్ని ఆఖరి వరుస దాకా చదివిన మొదటి మనిషి ఆమే. చదివి, దాన్ని జతచేసి, గేమ్యాను కొట్టారని మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టింది.

అప్పుడు మొదలైంది తంటా. కమిషన్ నోటీసు ఇచ్చింది, సర్కారు జవాబిచ్చింది. స్టేషన్ కెమెరా ఆ రోజు పనిచేయలేదట. కొట్టడమన్నదే జరగలేదట, దవాఖాన కాగితమే అందుకు సాక్ష్యం. పశువుల ఫారంలోని పంతొమ్మిదో వరుసకు విలువ లేదట. ఇక బిక్షానికి వాళ్ల శాఖ నుంచి మెమో వచ్చింది. అది ఆయన తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'సదరు ఫారంలో 1 నుండి 18 వరకు గల వివరములు యథార్థమనియు, 19వ వరుస పొరపాటున నమోదైనదనియు తెలుపుతూ ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను. లేనియెడల క్రమశిక్షణా చర్య తీసుకొనబడును.'

ఎంత తెలివైన మెమోనో చూడండి. ఫారం మొత్తం తప్పు అనడానికి లేదు, అంటే లారీ కేసు కొట్టుకుపోతుంది. అందుకని ఒకే మనిషి, ఒకే పూటలో, ఒకే పెన్నుతో పద్దెనిమిది వరుసలు నిజంగా రాసి, పంతొమ్మిదోది పొరపాటున రాశాడని కావాలి. అదే సర్కారు ఒక కోర్టులో ఈ ఫారాన్ని పట్టుకుని గేమ్యాను శిక్షించమంటోంది. కమిషన్ దగ్గర అదే ఫారాన్ని నమ్మొద్దంటోంది.

మెమో వచ్చిన మూడో రోజు పొద్దున బిక్షం మా గేదెకు సూది వేస్తుంటే శ్రీవాణి ఆయన్ను వెతుక్కుంటూ మా దొడ్లోకే వచ్చింది. సర్కారు జవాబు కాపీ తెచ్చింది. నేను పేరు చెప్పి కుర్చీ వేశాను, ఆమె గడ్డిమోపు మీదే కూర్చుంది.

"ఇందులో ఒక ముక్క ఉంది చూడండి లక్ష్మీకాంతమ్మ గారూ" అంది. "మన దేశం హింసకు వ్యతిరేకంగా అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పెట్టిందంట. కాబట్టి మన దగ్గర అట్లాంటిది జరిగే ప్రశ్నే లేదంట."

"సంతకం పెట్టిన్రా?" అన్నాడు బిక్షం.

"పెట్టిన్రు. తొంభై ఏడులో. కానీ ఇప్పటిదాకా ఖాయం చేయలే. ఖాయం చేస్తేనే అది మన మీద పనిచేస్తది."

"సంతకం పెట్టినంక ఖాయం కాకపోవుడేంది బిడ్డా?"

శ్రీవాణి కొంచెం ఆలోచించింది. "పూలు పండ్లు పెట్టి పిల్లను మాట్లాడుకున్నరు, లగ్గం కాలే. గట్ల అనుకోండి."

"ఇరవై ఎనిమిదేండ్ల నుంచా?"

"మధ్యల ఒకసారి చట్టం చేద్దామని పార్లమెంటుల బిల్లు పెట్టిన్రు. ఒక సభల పాసైంది, రెండో సభల ఆగి ఖతమైంది. తర్వాత లా కమిషన్ వాళ్లు చట్టం చేయాలె, ఖాయం చేయాలె అని రిపోర్టు రాసిచ్చిన్రు. ఉన్న చట్టాలే చాలు అంటున్నది సర్కారు. బయటి దేశాలు అడిగితే మాత్రం వేరే మాట. ఇక్కడ బ్యాంకుల అప్పులు ఎగ్గొట్టి పారిపోయిన పెద్దమనుషులు ఉంటరు కదా, వాళ్లను అప్పగించమని అడిగినప్పుడు, మీ జైళ్లల్ల కొడతరేమో అని అక్కడి కోర్టులు అడుగుతయి. అప్పుడు మనోళ్లు హామీ రాసిస్తరు. మంచి గది ఇస్తం, డాక్టర్ను పెడతం, చేయి వేయం అని."

బిక్షం సూది కడుగుతూ విన్నాడు. "అయితే గేమ్యా సుత ఏదన్న దేశం పారిపోయి పట్టుబడితే బాగుండు" అన్నాడు. శ్రీవాణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కోపమొచ్చింది. కానీ ఆ కోపంతో నేను చేసిన పనేమిటో కూడా చెప్పాలి.

ఆమె వెళ్లాక నేను బిక్షాన్ని కూర్చోబెట్టి, సంతకం పెట్టేయమన్నాను. నీకు ఇంకా రెండేళ్ల సర్వీసే మిగిలింది, ఈ వయసులో సస్పెండైతే ఎవరూ నీ గుమ్మం తొక్కరు, నువ్వు ఒక్కడివి ఎవరితో కొట్లాడతావు అన్నాను. ఇంట్లో భద్రమ్మ కూడా అదే మాట అన్నదట. మెమోలకు జవాబులు రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పది నిమిషాల్లో నేనే రాసిచ్చాను, 'పనిభారం వల్ల పొరపాటున నమోదు చేసితిని, మన్నించగలరు' అని. ఈ మాట రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

బిక్షం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెంటనే సంతకం పెట్టలేదు.

"ఒకసారి మనిషిని సూసొస్త" అన్నాడు. "సూడకుండ కొట్టేసుడు నాతోని కాదు."

ఆదివారం స్కూటర్ మీద తండాకు పోయాడు. నేనూ వెనక కూర్చుని పోయాను, ఎందుకో ఆయన్ను ఒక్కణ్ణీ పంపబుద్ధి కాలేదు. గేమ్యా ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు. లేచి మా వైపు నాలుగడుగులు వేశాడు. పాదం మొత్తం నేల మీద ఆనించకుండా, అంచుల మీద నడుస్తున్నాడు. యాసంగి నాట్లు నడుస్తున్నాయి, తండా అంతా పొలాల్లో ఉంది. ఆయన బురదలో దిగలేడు. బిక్షం అలవాటు కొద్దీ మంచం పక్కన గొంతుక్కూర్చుని ఆయన కాళ్లు చూశాడు, నొక్కి చూశాడు. తర్వాత మెమో సంగతి దాచకుండా చెప్పాడు.

గేమ్యా కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "పెట్టు సారూ సంతకం" అన్నాడు. "నాకోసం నౌకరి పోగొట్టుకోకు. కొట్టలేదని జడ్జి ముంగట నేనే చెప్పిన. నా మాట నేనే చెడగొట్టుకున్న. ఇగ ఎవలు నమ్ముతరు?"

జమ్లీ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు నారుమడి బురద ఇంకా ఆరలేదు. మెల్లగా, ఎవరినీ తిట్టకుండా మాట్లాడింది.

"సారూ, తండాల ఏమంటున్రో తెల్సా? తాగి లారీ మీదికెల్లి పడ్డడంట. పనికి ఒళ్లొంగక కుంటుతున్నడంట. మా అన్ననే అంటున్నడు. దవాఖాన కాగితంల దెబ్బలు లెవ్వని ఉంది గద అంటున్నరు. ఈయన రోజూ ఇంటున్నడు. ఇగ ఇనీ ఇనీ, నేను పడ్డనేమో జమ్లీ అని మొన్న నన్నే అడిగిండు. మాకు పైసలద్దు, ఎవలకు శిక్ష పడకున్నా మంచిదే. ఈయన అబద్ధాలకోరు కాదని ఉన్న కాగితం దునియాల నీది ఒక్కటే. అది కొట్టేస్తే ఈయనకు ఈయనే అబద్ధమైతడు."

బిక్షం తల వంచుకుని విన్నాడు. నేను నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన జేబులో ఉన్నది నా చేతిరాత.

తిరిగొచ్చాక బిక్షం కోదాడలో మా ఇంటి ముందు స్కూటర్ ఆపి, నేను రాసిచ్చిన కాగితం తీసి నాకే తిరిగిచ్చాడు.

"మేడం, మీరు మంచిగనే రాసిన్రు. నేను చెప్పింది జర సర్కారు భాషల రాసిస్తరా?"

రాసిచ్చాను. మాటలు ఆయనవే, నేను వాటికి ఆఫీసు చొక్కా తొడిగానంతే. మెమోకు జవాబుగా సూర్యాపేటలోని వాళ్ల జిల్లా ఆఫీసుకు వెళ్లింది ఇది:

"అయ్యా, పశువుల ఫారంలో మనిషిని నమోదు చేయుట నా పొరపాటే. ఒప్పుకొనుచున్నాను. సదరు మనిషి పశువు కాడు. మనిషి గాయములు నమోదు చేయుటకు దవాఖానలో వేరే కాగితము కలదని తెలిసినది. అయితే ఆ కాగితము మీద గాయములు లేవని ముందుగానే ముద్ర వేసి యున్నది. కావున పోలీసుల చేతిలో దెబ్బలు తిన్న మనిషికి, ఉన్న గాయములు ఉన్నట్లు నమోదు చేయుటకు ప్రభుత్వము వారు ఏ చట్టము కింద ఏ ఫారమును ఏర్పాటు చేసినారో దయచేసి తెలియజేయగలరు. సదరు ఫారము అందిన రోజే, 19వ వరుసలోని వివరములను మార్పు లేకుండా అందులో రాసి సంతకము చేసి ఇవ్వగలను. అంతవరకు సదరు వరుసను కొట్టివేయలేను."

ఫిబ్రవరిలో రిజిస్టర్ పోస్టులో పంపాం. తర్వాత మరో మెమో రాలేదు, చర్య తీసుకోలేదు, జవాబూ లేదు. ఫైలు మూడు బల్లలు తిరిగి నాలుగో బల్ల మీద ఆగిందని నాకు తెలిసినవాళ్లు చెప్పారు. నాకు అర్థమైంది. జవాబు రాయాలంటే ఎవరో ఒకరు ఏదో ఒక చట్టం పేరు, ఫారం పేరు రాయాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఢిల్లీలో రాయలేని పేరు సూర్యాపేటలో ఏ గుమస్తా రాస్తాడు? లారీ కేసు, కమిషన్ ఫిర్యాదు రెండూ వాయిదాల మీద నడుస్తున్నాయి.

పోయిన వారం వాయిదాకు గేమ్యా, జమ్లీ వచ్చారు. మేమూ వెళ్లాం. కోర్టు బయట చాయ్ తాగుతుంటే శ్రీవాణి బిక్షం ఉత్తరాన్ని గేమ్యాకు మొత్తం చదివి వినిపించింది. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. చాయ్ అయిపోయాక ఆయనకొక భయం పట్టుకుంది.

"సారూ, రేపు వాళ్లు నిజంగనే ఫారం పంపితే ఎట్ల? మళ్ల సూడాలంటరు గద. ఇప్పుడు వాపు లేదు, నలుపు లేదు. ఏం సూపియ్యాలె?"

"నువ్వేం సూపియ్యద్దు" అన్నాడు బిక్షం. "నేను సూసిన."